సీసాలో కన్నీళ్ళు

పలమనేరుకు అవతల గొల్లమిట్ట అనే పల్లెలో చెంగమ్మ అనే ఇల్లాలు ఉండేది, ఒంట్లో ఎంత బాధ ఉన్నా ఒక్క మాట పెదవి దాటనివ్వకపోవడం ఆమెకున్న ఒకే ఒక్క చెడ్డ గుణం.

మిగతా విషయాల్లో ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఆరు ఆవులను ఒంటిచేత్తో సాకేది. ఆమె మునిరత్నానికి రెండో భార్యగా ఆ ఇంటికి వచ్చింది. మొదటి భార్య జ్వరమొచ్చి పోయేనాటికి కూతురు హేమావతికి ఆరేళ్ళు. చెంగమ్మకు కడుపు పండలేదు. ఆ దిగులూ ఆమెకు లేదు. హేమావతి ఉంది కదా, ఇంకొకరెందుకు అనేది. ఆ పిల్లకు పేలు చూసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, అబద్ధమాడిన రోజు వీపు మీద నాలుగు వేసింది కూడా.

మునిరత్నం అక్క ధనమ్మది పక్క వీధే. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఈవిడ అర్ధంతో సరిపెట్టుకునే రకం కాదు. "సవతి తల్లి ఎంత చేసినా సవతి తల్లే" అని రోజుకోసారైనా అనకపోతే ఆమెకు తిన్నది అరగదు. ఇలాంటి ఆడబిడ్డ నాకూ ఒకరున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక జబ్బు సంగతి. పిడుదులు తెలుసు కదా? పశువుల చెవుల వెనకా పొదుగు పక్కనా కరుచుకుని రక్తం తాగే పురుగులు. చెంగమ్మ వాటిని వట్టి చేతులతోనే పీకి కిరసనాయిలు డబ్బాలో వేసేది. ఒకసారి ఒక పిడుదు ఆమె మోకాలి వెనకే పట్టుకుంది. పీకి అవతల పారేసి పాలు పితకడానికి కూర్చుంది. రెండు వారాలకు జ్వరమొచ్చింది. తగ్గింది. మళ్ళీ వచ్చింది. తర్వాత కీళ్ళు పట్టేశాయి. ఆ తర్వాత కళ్ళు మొదలయ్యాయి. పొద్దున లేస్తే కళ్ళలో పిడికెడు ఇసుక పోసినట్టుండేది. రెప్పలు వేళ్ళతో విడదీసుకోవలసి వచ్చేది.

ఊళ్ళో మందులు వాడి వాడి విసిగి, చివరికి మొగుణ్ణి వెంటబెట్టుకుని పట్నంలో పెద్దాసుపత్రికి పోయింది. అక్కడ ఆమె కింది రెప్పల్లో చిన్న కాగితం ముక్కలు పెట్టి అయిదు నిమిషాలు కూర్చోబెట్టారు. తీసి చూస్తే కాగితాలు పొడిగా ఉన్నాయి.

"పిడుదు కాటుతో మొదలైన జబ్బమ్మా ఇది. నీ కళ్ళలో నీళ్ళు ఊరడం దాదాపు ఆగిపోయింది" అంది డాక్టరమ్మ.

"పోతుందా?" అని అడిగింది చెంగమ్మ.

"తగ్గుతుంది, తిరగబెడుతుంది. పూర్తిగా పోతుందని చెప్పలేను. దీంతో కాపురం చెయ్యడం నేర్చుకోవాలి."

చెంగమ్మ పక్కనున్న మొగుణ్ణి చూసింది. "ఒకరితో చేస్తూనే ఉన్నాను కదమ్మా, ఇంకొకటి కష్టమా!" అంది.

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వాక మందులు రాసింది. రెండు గంటలకోసారి కళ్ళలో చుక్కలు వేసుకోవాలి. పొద్దునా సాయంత్రం వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ రెప్పల మీద పెట్టుకోవాలి. పొగ దగ్గరికి పోకూడదు. గాలికి పోతే కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

చెంగమ్మ మొండిది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అన్నారు. జబ్బు తన ఒంట్లో ఉంటే ఉండనీ, పెత్తనం మాత్రం చెయ్యనివ్వను అనుకుంది. కట్టెల పొయ్యి మానేసింది. నల్లద్దాలు పెట్టుకుని గడ్డికి పోయింది. "ఏమ్మే, సినిమాల్లో చేరినావా?" అని ఊరంతా వేళాకోళం చేసినా అద్దాలు తియ్యలేదు. కీళ్ళు పట్టేసిన రోజున గోడ పట్టుకుని లేచింది గానీ, ఆవుల పాలు వేళ తప్పలేదు. అంత వరకూ శభాష్ అనాల్సిందే. అయితే చుక్కల సీసాను మాత్రం దొంగసొత్తులా రొంటిన దోపుకుని తిరిగేది. గొడ్లపాక వెనక్కి పోయి, అటూ ఇటూ చూసి, గబుక్కున వేసుకుని వచ్చేది.

ఎందుకట? హేమావతి తల్లి జ్వరంతో పోయింది. జ్వరం అనే మాట వింటేనే ఆ పిల్ల వణికేది. తనకూ తగ్గని జబ్బని తెలిస్తే చదువు మానేసి మంచం పక్కన కూర్చుంటుందని చెంగమ్మ భయం. ఎవరికీ చెప్పనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది, పిల్ల అడిగితే ఎండ పడదనీ ఒళ్ళు నొప్పులనీ సర్దిచెప్పేది. అసలు సంగతి ఇంకొకటి కూడా ఉంది. "అయ్యో పాపం" అనిపించుకోవడం ఆమెకు చచ్చేంత నామోషీ.

ఆ దాపరికం వల్ల ఏం జరిగిందో చూడండి. హేమావతి పదహారేళ్ళప్పుడు తిరుపతిలో హాస్టలుకు బయలుదేరింది. బస్టాండులో మునిరత్నం ఏడ్చాడు, ధనమ్మ ఏడ్చింది, హేమావతి వెక్కి వెక్కి ఏడ్చింది. చెంగమ్మ ఒక్కతే నల్లద్దాలు పెట్టుకుని గుంజలా నిలబడింది. బస్సు కదిలేముందు ధనమ్మ కిటికీ దగ్గరికి పోయి, "చూసుకున్నావా తల్లీ? కంట తడన్నా పెట్టిందా మీ పిన్ని? కన్నతల్లయితే ఇట్లా ఉంటుందా?" అంది.

ఆ మాట ముల్లులా పిల్ల మనసులో దిగింది. ఆ తర్వాత సెలవుల్లో వచ్చినప్పుడు చెంగమ్మ ఒళ్ళో తల పెట్టుకోవడం మానేసింది. చెంగమ్మ అది గమనించింది. గమనించీ, చదువుకునే పిల్లలు అట్లాగే ఉంటారులే అని సర్దుకుంది.

ఏళ్ళు గడిచాయి. హేమావతికి పుంగనూరు సంబంధం కుదిరింది. పలమనేరులో కళ్యాణ మండపం మాట్లాడారు. పది గంటలకు ముహూర్తం. మునిరత్నం ముందురోజు నుంచే ఏడవడం మొదలుపెట్టాడు. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగాణ్ణీ నమ్మొద్దంటారు గానీ, పాపం ఈయన్ని నమ్మవచ్చు, పంచె అంచంతా తడిసిపోయింది. ధనమ్మ మాత్రం వచ్చిన చుట్టాలందరితోనూ ఒకటే మాట అంటోంది: "ఈరోజు అప్పగింతలప్పుడు చూడండి. చెంగమ్మ కంట్లో తడి కనబడితే నా పేరు మార్చుకుంటా!"

మధ్యాహ్నం అప్పగింతల వేళయింది. పొద్దుటి నుంచీ హోమం పొగ కొట్టి కొట్టి చెంగమ్మ కళ్ళు నిప్పులయ్యాయి. మండపం ముందు పందిట్లో పీటలు వేశారు. పళ్ళెంలో పాలు పోశారు. ముత్తయిదువులు అప్పగింతల పాట అందుకున్నారు. పెళ్ళికూతురు కళ్ళు అటూ ఇటూ తిరిగి చెంగమ్మ కోసమే వెతుకుతున్నాయి. ఈరోజైనా తన కోసం ఒక్క చుక్క రాలుతుందా? ఆ ఒక్కటీ చూసి అత్తారింటికి పోవాలని పిల్ల ఆశ.

చెంగమ్మ మంట తట్టుకోలేక పక్కగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసి సీసా తీసింది. కుడి కంట్లో వేసుకుంది. ఎడమ కంట్లో వేసుకుంటుండగా ధడాలున తలుపు తెరుచుకుంది. ఎదురుగా ధనమ్మ.

"ఏమిటే అది?" అంటూ సీసా లాక్కుంది. ధనమ్మ పదో తరగతి తప్పింది గానీ కూడబలుక్కుని ఇంగ్లీషు చదవగలదు. సీసా మీది అక్షరాలు చదివింది. మరోసారి చదివింది. "టియర్స్! టియర్స్ అంటే కన్నీళ్ళే కదా!" అని కేక పెట్టింది.

పెట్టి ఊరుకుంటేనా? పందిట్లోకి పరుగెత్తి సీసా పైకెత్తి పట్టుకుంది. "చూడండమ్మా చూడండి! సొంత కన్నీళ్ళు రావని సీసాలో కొనుక్కొచ్చింది సవతి తల్లి! ఇంత మోసం ఎక్కడైనా విన్నామా?"

పాట ఆగిపోయింది. మేళం వాళ్ళు కూడా ఆపేశారు. వెనకాలే వచ్చిన చెంగమ్మ బుగ్గల మీద ఆ చుక్కలు ఇంకా కారుతూనే ఉన్నాయి. అందరూ ఆ బుగ్గల్నే చూశారు. హేమావతి ముఖం పాలిపోయింది.

"పిన్నీ, నిజమేనా?" అంది.

ఇక్కడ చెంగమ్మకు దారులు రెండే. గొంతెత్తి ఒక దొంగ ఏడుపు ఏడ్చి గండం దాటడం ఒకటి. ఎప్పటిలా పెదవి బిగించుకోవడం ఇంకొకటి. బిగించుకునేదే. కానీ పిల్ల ముఖం చూసింది. ఇప్పుడు నోరు మెదపకపోతే ఈ పిల్ల ఇక జన్మలో తనది కాదని అర్థమయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నిజమే. కొనుక్కొచ్చినా. తొమ్మిదేళ్ళుగా కొంటూనే ఉన్నా" అంది. "పిడుదు కుట్టి జబ్బు చేసింది నాకు. జ్వరం వస్తుంది, పోతుంది. కీళ్ళు పట్టుకుంటాయి. నా కళ్ళలో నీళ్ళు ఊరవు. ఇవి ఏడుపు కోసం కాదు, రెప్ప వాల్చడం కోసం. ఇవి లేకపోతే నేను నిన్ను చూడలేను హేమా, అంతే సంగతి!"

ధనమ్మ తేరుకుని కొత్త కత్తి తీసింది. "అయితే తగ్గని జబ్బన్నమాట! మరి పెళ్ళివారికి ముందే చెప్పొద్దా? ఎవరికైనా అంటుకుంటే?"

పెళ్ళికొడుకు తల్లి లలితమ్మ కొంచెం కంగారుగా చెంగమ్మ వైపు తిరిగింది. "అంటుకుంటుందా వదినా?"

"పిడుదు కరిస్తే వస్తుంది వదినగారూ, నేను కరిస్తే రాదు" అంది చెంగమ్మ. ధనమ్మను ఎగాదిగా చూసి, "అయినా ఈరోజు ఒకరిని కరవాలనే ఉంది" అని కలిపింది.

పందిరంతా గొల్లుమంది. లలితమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ధనమ్మ ఒక్కతే నవ్వలేదు. నవ్వనిది ఇంకొకరూ ఉన్నారు, హేమావతి. పీట మీంచి లేచి నిలబడింది.

"నాకెందుకు చెప్పలేదు?" అని అరిచింది. "బస్టాండులో నువ్వు ఏడవలేదని, నేనంటే నీకు ఇష్టం లేదేమోనని ఎన్ని రాత్రులు ఏడ్చానో తెలుసా? నువ్వు ఒక్క మాట చెప్పుంటే చాలు కదా! నన్ను ఏడేళ్ళు పరాయిదాన్ని చేశావు!"

జ్వరాలకు వంగని మనిషి ఆ మాటకు వంగింది. తను దాచింది జబ్బును అనుకుంది ఇన్నాళ్ళూ. పిల్లకు అందవలసిన తల్లిని దాచేసిందని ఇప్పుడు తెలిసింది.

"తప్పు నాదే తల్లీ" అంది. "నువ్వు భయపడతావని నేను భయపడినా. జబ్బుకు వెరవలేదు గానీ, జనం జాలికి వెరిచినా. ఇక వెరవను. కానీ ఒకటి విను. ఈరోజు కూడా నేను ఏడవను, ఏడవలేను. ఏడిస్తేనే అమ్మని ఎవరైనా అంటే, వాళ్ళకు నేను అమ్మను కాకపోయినా ఫరవాలేదు. నీకు అయితే చాలు."

అప్పటికే మునిరత్నం ఏడుపుతో మూడో తువ్వాలు తడుపుతున్నాడు. "ఊరుకోవయ్యా, నా వాటా కూడా నువ్వే ఏడుస్తున్నావు కదా!" అని కసిరింది చెంగమ్మ. హేమావతి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

చెంగమ్మ పీట మీద కూర్చుంది. పిల్ల చేతులు పట్టుకుని పళ్ళెంలో పాలలో ముంచింది. వాటిని లలితమ్మ చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు ఆమె వేళ్ళు వాచి ఉన్నాయి, వణకలేదు.

"వదినగారూ, మా హేమను మీ చేతుల్లో పెడుతున్నా. పుంగనూరు మాకు ఎంతో దూరం లేదు. నా పిల్లకు కష్టం కలిగిందని తెలిస్తే, జ్వరమొచ్చినా కీళ్ళు పట్టేసినా బస్సెక్కి వస్తా. వచ్చి మీ గడపలో ఏడుస్తూ కూర్చోను. ఏడుపు నా దగ్గర లేదు. నిలదీస్తా!"

"నిలదియ్యండి వదినా, మీలాంటి తల్లి ఉన్న పిల్ల మా ఇంటికి రావడమే మాకు కావాలి" అంది లలితమ్మ.

ధనమ్మ సీసా తిరిగి ఇవ్వబోయింది. "మూత లేకుండా ఇంతసేపు ఊపినావు, దుమ్ము పడింటుంది వదినా, ఇక పనికిరాదు" అంటూ చెంగమ్మ రొంటి నుంచి కొత్త సీసా తీసింది. ఈసారి గదిలోకి పోలేదు. రెండు వందల మంది చూస్తుండగా, పందిరి నడుమ తల వెనక్కి వంచి, కుడి కంట్లో ఒకటి, ఎడమ కంట్లో ఒకటి వేసుకుంది. "బాగా చూసుకోండి! మళ్ళీ రెండు గంటలకు వేస్తా, అప్పుడు కూడా రండి!" అంది.

రెప్పలు తెరిచేసరికి హేమావతి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. నగలూ పూలజడా నలిగిపోతున్నా లేవలేదు. కారు వాళ్ళు రెండుసార్లు పిలిచారు. "ఇప్పుడే వస్తాను, మా అమ్మతో ఉన్నాను" అని అక్కడి నుంచే జవాబిచ్చింది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, అందరూ వినండి: జబ్బు రావడం తప్పు కాదు, దాన్ని తప్పులా దాచుకుని మనవాళ్ళకు మనల్ని దూరం చెయ్యడమే తప్పు.