వినయుడి గుంట నిండా గులకరాళ్ళే

నల్లమద్ది చెట్ల అడవిలో, ఏరు మలుపు తిరిగే చోట ఒక బడి ఉంది. తల్లిపాలు మానేసి, ఒంటరిగా తిరగడం మాత్రం ఇంకా చేతకాని ఎదిగీ ఎదగని పిల్లలు అక్కడ చదువుకుంటారు. చెప్పే పాఠం ఒక్కటే: ఉచ్చును గుర్తుపట్టడం. ఏటికి వెళ్ళే దారుల్లో మనుషులు ఉచ్చులు పన్నుతారు. గడ్డిలో నక్కి ఉన్న ఆ తాడును చూడగలిగిన పిల్ల ఇక తనంతట తాను నీళ్ళకు వెళ్ళొచ్చు. చూడలేని పిల్ల ఇంకొన్నాళ్ళు అమ్మ తోక వెనకే నడవాలి. ఆ వయసులో అంతకు మించిన అవమానం ఏముంటుంది చెప్పండి!

ఆ ఏడు వానలతో పాటే బడికి కొత్త టీచరు వచ్చింది. చుక్కల జింక, పేరు సారంగి. మొదటి ఉద్యోగం. పాఠం ప్రాణం పెట్టి చెప్పేది. చిక్కల్లా మార్కుల దగ్గరే వచ్చింది. ఏ పిల్లకూ అన్యాయం జరగకూడదని ఆమెకు పట్టుదల. అందుకని కంటికి కనబడిన ప్రతిదానికీ మార్కు పెట్టింది.

పిల్లకొక గుంట కేటాయించింది. మంచి పని చేస్తే అందులో ఒక గులకరాయి వేస్తుంది. తప్పు చేస్తే ఒకటి తీసేస్తుంది. ఉచ్చును గుర్తుపడితే రాయి. వేళకు వస్తే రాయి. ఒళ్ళు శుభ్రంగా ఉంటే రాయి. నమస్కారం పెడితే రాయి. కుదురుగా కూర్చుంటే ఇంకో రాయి.

ఈ లెక్క అందరికంటే ముందు అర్థమైంది నక్కపిల్లకు. వాడి పేరు వినయుడు. వాళ్ళమ్మ ఏం ఊహించి పెట్టిందో గానీ పేరు భలే అతికింది.

"నమస్కారం టీచర్! ఎండలో నడిచొచ్చారు, ఈ నీడన నిలబడండి టీచర్. మీ చుక్కలు ఇవాళ మరీ మెరుస్తున్నాయి టీచర్!"

"కూర్చో నాయనా, కూర్చో," అనేది సారంగి మొహమాటపడుతూ. వినయుడి గుంటలో టక్కుమని ఒక రాయి పడేది.

పాఠం సగంలో ఉండగా అడవిపంది పిల్ల దుంపడు వచ్చేవాడు, చెవుల దాకా బురదతో.

"ఎందుకింత ఆలస్యం?"

"దారిలో దుంప కనబడింది టీచర్."

"కనబడితే?"

"తిన్నాను టీచర్."

పిల్లలంతా ఒకటే నవ్వు. ఆలస్యానికి ఒక రాయి, బురదకు ఒక రాయి, తరగతిని నవ్వించినందుకు ఇంకో రాయి దుంపడి గుంటలోంచి బయటికి వచ్చేవి. వాడు మాత్రం నిజం చెప్పినందుకు రాళ్ళెందుకు పోయాయో తెలియక నేల వాసన చూస్తూ కూర్చునేవాడు.

వారానికోసారి పరీక్ష. ఎండిన తీగతో చేసిన ఉచ్చులను సారంగి దారిలో పెట్టేది, పిల్లలు వాటిని తప్పించుకుని నడవాలి. మొదట్లో దుంపడు ప్రతి ఉచ్చులోనూ పడ్డాడు. పడ్డప్పుడల్లా రాయి పోయింది. కానీ పడ్డవాడు ఊరికే లేవలేదు. కాలికి చుట్టుకున్న తీగను వాసన చూసేవాడు, పక్కన గడ్డి ఎటు వాలిందో చూసేవాడు. పోగా పోగా ఎక్కడ పెట్టినా పసిగట్టడం మొదలుపెట్టాడు. సారంగి మెచ్చుకుంది, రాళ్ళూ వేసింది. అయినా పాత తప్పుల రాళ్ళూ బురద రాళ్ళూ పోగా గుంట అడుగే కనబడుతుండేది.

వినయుడు గడ్డి వైపు కూడా చూసేవాడు కాదు. టీచరు ప్రతిసారీ ఆ మూడు చోట్లే ఉచ్చు పెడుతుందని కనిపెట్టాడు: పుట్ట పక్కన, ఈతపొద కింద, రెండు బండల మధ్య. అక్కడికి రాగానే ఎగిరి దూకేవాడు. టక్, టక్, టక్. గుంట నిండి పక్కకు దొర్లాయి రాళ్ళు.

బడి ముగిసే రోజు దగ్గరపడింది. ఎవరి గుంట నిండుగా ఉంటే వాళ్ళు ముందు నడిచి, మిగతా పిల్లలందరినీ ఏటికి తీసుకెళ్ళాలి. నెగ్గని పిల్లలను వరస చివర వెంటబెట్టుకొచ్చే తల్లులు తప్ప పెద్దలెవరూ రారు. అది ఆ బడి ఆనవాయితీ. వినయుడు అప్పుడే ఛాతీ విరుచుకుని నడవడం సాధన చేస్తున్నాడు.

ఒక సాయంత్రం దుంపడి తల్లి కోరమ్మ బడికి వచ్చింది. రావడమే మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని వచ్చింది.

"టీచరమ్మా, మావాడిని ఇంకో ఏడు నా వెంట తిప్పుకోమన్నారట?"

"గుంటలో రాళ్ళు చాలలేదండీ. వేళకు రాడు. వచ్చినా బురదతో వస్తాడు."

"పందిపిల్ల బురదతో రాకపోతే గంధం పూసుకుని వస్తుందా? అది సరే. వాడికి ఉచ్చు కనబడుతుందా లేదా?"

"కనబడుతుందండీ. ఈ మధ్య ఒక్కటీ తప్పడం లేదు."

"మరి నా వెంట ఎందుకు?"

సారంగి దుంపడి గుంట వైపు చూసింది. గుంట అడుగు కనబడింది, అంతే. కోరమ్మ గుర్రుమని వెళ్ళిపోయింది.

ఇదంతా పెద్దసారు బలభద్రయ్య చెట్టు కింద పడుకుని విన్నాడు. ఆయన అడవిదున్న. ఎవరేం అడిగినా ముందు నెమరు వేసుకుని, తర్వాతే నోరు విప్పుతాడు.

"సారంగమ్మా, బడి ముగిసే రోజు నక్కపిల్ల ముందు నడుస్తాడు కదా?"

"అవును సార్. వాడి గుంటే నిండింది."

బలభద్రయ్య నెమరు వేశాడు. "వెనక పిల్లలంతా వాడి అడుగులో అడుగేస్తారు. నువ్వెప్పుడూ ఆ మూడు చోట్లే పెడతావు; పన్నింది మనుషులైతే ఆ ఉచ్చు ఎక్కడుంటుందో మనకు తెలియదు. నువ్వు హాయిగా నిద్రపోగలవా తల్లీ?"

కుందేలు పిల్లలు, కణుజు జాతి దుప్పి పిల్లలు, వాళ్ళ సన్నని కాళ్ళు సారంగి కళ్ళ ముందు మెదిలాయి.

"లేదు సార్," అంది నెమ్మదిగా. "వాడు మంచిగా మసలుకుంటాడని ఆ రాళ్ళు చెబుతాయి. ఉచ్చు తెలుసో లేదో చెప్పవు. అన్నీ ఒకే గుంటలో వేసి కలిపేశాను."

"ఊఁ."

"అయితే మర్యాద నేర్పొద్దంటారా సార్?"

"ఎందుకు నేర్పొద్దమ్మా? నేర్పు. ఆలస్యంగా వస్తే మందలించు, బురదతో వస్తే ఏట్లో ముంచి తీయి. ఆ రాయి మాత్రం తెచ్చి ఉచ్చుల గుంటలో వేయకు."

తెల్లారగానే సారంగి గుంటలన్నీ ఖాళీ చేసింది. వినయుడు లబలబలాడాడు.

"టీచర్! నా రాళ్ళు! నా నమస్కారాలు!"

"నమస్కారానికి తిరిగి నమస్కారం పెడతాను నాయనా. రాయి పెట్టను. ఇన్నాళ్ళూ పెట్టడం నా పొరపాటే. రేపు కొత్త దారిలో పరీక్ష. ఒక్కొక్కరే నడవాలి. ఉచ్చు చూడగలరా లేదా, అంతే చూస్తాను."

వినయుడు కాసేపు దిగులుపడ్డాడు గానీ, నక్క దిగులు ఎంతసేపు! మర్నాడు పొద్దు పొడవకముందే కలివి పొద వెనక నక్కి కూర్చున్నాడు. సారంగి వచ్చింది. తీగ ఉచ్చు ఒకటి పడిపోయిన మొద్దు పక్కన పెట్టింది. ఇంకోటి నేరేడు వేరు దగ్గర, మరొకటి చీమల బారు దాటాక. వినయుడు మూడూ బుర్రలో వేసుకుని, చప్పుడు కాకుండా జారుకున్నాడు.

సారంగి వెనుదిరగబోతుండగా గాలి మళ్ళింది. ఎంతైనా జింక ముక్కు కదా. పొద వెనకకు వెళ్ళి చూస్తే గడ్డి వెచ్చగా నలిగి ఉంది. ఆమెకు కోపం రాలేదు. పైగా నవ్వొచ్చింది. "ఈ శ్రద్ధలో సగం పాఠం మీద పెట్టినా ఈపాటికి నేర్చుకునేవాడే," అనుకుంది. ఉచ్చులు పళ్ళతో పట్టి తీసి, వేరే చోట్ల పెట్టింది.

ముందు దుంపడు నడిచాడు. ముట్టె నేలకు ఆనించి, గుర్రుగుర్రుమంటూ, మధ్యలో ఒకసారి గట్టిగా తుమ్మి, ఆగాల్సిన చోట ఆగి, చుట్టూ తిరిగి, అవతలికి చేరాడు. చేరగానే పక్కనున్న మడుగులో పొర్లాడు. సారంగి మందలించబోయి ఊరుకుంది.

తర్వాత వినయుడు. దుంపడు ఎక్కడాగాడో వాడు గమనించనే లేదు, మూడు చోట్లూ బుర్రలోనే ఉన్నాయిగా. గడ్డం పైకెత్తి, తోక నిలబెట్టి వచ్చాడు. మొద్దు దగ్గరికి రాగానే గాల్లోకి ఎంతో ఎత్తు ఎగిరాడు.

"అక్కడేముందిరా, అంత దూకావు?" అని అరిచాయి కుందేలు పిల్లలు.

"ఉచ్చు! చూసే కళ్ళుంటే కనబడుతుంది!"

ఆ మాట పూర్తవుతుండగానే ముందరి కాలు నిజం ఉచ్చులో దిగింది. తీగ బిగిసింది. వినయుడు ముక్కు బురదలో గుచ్చుకునేలా బోర్లా పడ్డాడు. అలా పడి కూడా అలవాటు కొద్దీ, "నమస్కారం టీచర్," అన్నాడు.

అడవి అదిరేలా నవ్వారు పిల్లలు.

"ఇది అన్యాయం టీచర్! ఇక్కడ ఉచ్చు లేదు!"

"మరి నీ కాలికున్నదేమిటి నాయనా?"

"అది మొద్దు పక్కన ఉండాలి టీచర్!"

"అలాగా? ఎవరు చెప్పారు?"

వినయుడి చెవులు వాలిపోయాయి. సారంగి మిగతా పిల్లలను దూరంగా పంపించి, తీగ వదులు చేసింది.

"ఎన్ని రాళ్ళు తీసేస్తారు టీచర్?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఒక్కటీ తీయను. నువ్వేం చూడలేదో అది చెప్పు."

వాడు బిక్కచూపులు చూశాడు. బడిలో చేరాక మొదటిసారి గడ్డిని చూశాడు. "ఈ గడ్డి... మిగతాదంతా నిలబడి ఉంది. ఇక్కడ వాలిపోయింది."

"ఇంకా?"

"తీగ ఎండినది. చుట్టూ అంతా పచ్చగా ఉంది."

"అదీ! ఇలాంటి గుర్తులు ఇంకా రెండున్నాయి. రేపు వేరే దారిలో చూద్దువు గాని."

ఏటికి వెళ్ళే రోజు వచ్చింది. దుంపడు ముందు నడిచాడు. వరసలో నడవమని వెనకవాళ్ళకు చెప్పడం కూడా మరిచిపోయాడు. అందరికంటే వెనక వినయుడు, వాళ్ళమ్మ తోక చాటున, ఎవరికీ కనబడకూడదని నడుస్తున్నాడు. టీచర్లిద్దరూ గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

మలుపులో దుంపడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. "ఎవరూ కదలొద్దు!"

రెల్లు గడ్డి మధ్య, నీళ్ళకు నాలుగు అడుగుల ఇవతల, తాడు ఉంది. తీగ కాదు, మనిషి పేనిన తాడు. దుంపడు దాన్ని వాసన చూసి, పక్కకు తిరిగి, ముట్టెతో కొత్త దారి చేశాడు. కణుజు పిల్లలు, కుందేలు పిల్లలు ఒకరి వెనక ఒకరు దాటి నీళ్ళు తాగారు. గట్టు మీద సారంగి ఒక్కొక్క పిల్లనూ లెక్కపెట్టింది. బలభద్రయ్య నెమరు వేయడం ఆపేశాడు.

వినయుడు ఆ తాడు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎవరూ చూడకుండా సారంగి దగ్గరికి వచ్చాడు. నమస్కారం పెట్టలేదు. చుక్కల గురించి మాట్లాడలేదు.

"టీచర్, దుంపడు చూపించేదాకా నాకది కనబడలేదు. నేను ముందు నడిచుంటే..." తాడు వైపు తిరిగి చూశాడు. "మళ్ళీ మొదటి నుంచి చెబుతారా?"

"చెబుతాను," అంది సారంగి. వాడు బడికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు నచ్చిన మాట అదే. అయినా రాయి వేయలేదు.

ఆ తర్వాత వాడు చాలాసార్లు పడ్డాడు. అలిగి ఒకరోజు బడి మానేశాడు కూడా. పడ్డప్పుడల్లా ఏం చూడలేదో తానే చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఆకులు రాలే కాలానికి ఒకనాడు, ఎవరూ చూపించని దారిలో, ఏ ఉచ్చుకూ చిక్కకుండా అవతలికి చేరాడు. చేరాక కూడా అనుమానంగానే అడిగాడు.

"టీచర్, ఇన్నిసార్లు పడ్డాను కదా. అవన్నీ లెక్కలో తీసేయాలి కదా?"

"మొదట్లో నువ్వెన్నిసార్లు పడ్డావో ఏటి దగ్గరి తాడు అడుగుతుందా?" అంది సారంగి. "ఇవాళ నీకు కనబడుతోందా?"

"కనబడుతోంది టీచర్."

"అయితే వెళ్ళు. దాహం వేస్తోందేమో, ఒక్కడివే వెళ్ళి తాగిరా."

వాడు వెళ్ళాడు, ముక్కు నేలకు ఆనించి, నెమ్మదిగా.

పిల్లకు వచ్చిందెంతో చెప్పేదే మార్కు. టీచరుకు నచ్చిందెంతో చెప్పేది మార్కు కాదు.