దివాన్‌గారి చేతిలో గుర్తు

దివాన్ సోమరాజుకి క్షణం తీరిక ఉండేది కాదు, ఏ పనీ గుర్తుండేది కాదు. పనులు రాసుకోవడానికి చేతిలో ఇమిడే వస్తువు ఏదైనా తెమ్మని చాటింపు వేయించాడు. కంసాలి బంగారు రేకుల పుస్తకం తెచ్చాడు. ఇంకొకడు దంతపు పలకలు తెచ్చాడు.

బట్టలుతికే పైడమ్మ మసిబుడ్డి ఒక్కటే తెచ్చింది. కాలువ తూము మూసేయడంతో ఆమె రేవు ఎండి నెల దాటింది. తెరిపిస్తానని దివాన్ మూడుసార్లు మాటిచ్చి మరిచిపోయాడు.

"నూరిళ్ల బట్టలకి అంచున గుర్తు పెట్టి, ఒక్కటీ మారకుండా అప్పజెబుతాను బాబూ. మీ చేతిలో ఎప్పుడూ ఉండేది ఉత్తరీయం చెంగేగా? మీ పనులకి గుర్తులు దానిమీదే పెడతాను."

"ఏదీ, పెట్టి చూపించు!" దివాన్ నవ్వుతూ చెంగు చాచాడు.

ఆముదపు మసితో ఆమె జానెడు తూము బొమ్మ గీసింది.

"ఓసి నీ ధైర్యం! రాజుగారు కప్పిన ఉత్తరీయమే ఇది! రేపు కొలువుకి ఇదే కప్పుకెళ్లాలి. ఉతికెయ్!"

"ఈ మసి బావినీళ్లకి లొంగదు, పారే నీళ్లు కావాలి. రేవులో చుక్క లేదు."

"ఇదేమిటని రాజుగారు అడిగితే?"

"మూడుసార్లు మరిచిన పని అని చెప్పండి. మీకు నోరు రాకపోతే నేనొచ్చి చెబుతాను."

పొద్దు వాలకముందే తూము తెరుచుకుంది. పైడమ్మ తీరిగ్గా ఉత్తరీయం జాడిస్తుంటే, క్షణం తీరికలేని దివాన్ గట్టు మీద నిలబడి అది ఆరేదాకా కాచుకున్నాడు.