నిండు తొట్టి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, కొండదారి మొదలయ్యే చోట, ఎదురెదురుగా రెండు గుర్రపుశాలలు ఉండేవి. దూరం వెళ్ళే గుర్రాలు తమ పిల్లల్ని అక్కడ వదిలి వెళ్ళేవి.

నీలవేణి అనే గుర్రానికి కొండ అవతలి జంతువులకు ఉప్పు మోసే పని. మూడు రోజుల ప్రయాణం. దాని పిల్ల చిట్టెం పాలు మానేసి ఎన్నాళ్ళో కాలేదు. ఒక్క పూట కూడా తల్లిని వదిలి ఉండలేదు. పిల్లకేమైనా అయితే ఎలా అని నీలవేణికి ఒకటే బెంగ.

మొదటి శాల సింగారయ్య అనే నెమలిది.

"చూడమ్మా, మెత్తటి ఇసుక పడక. దోమలు రాకుండా వేపాకు పొగ. అన్నిటికన్నా గొప్పది ఇదిగో, ఈ తొట్టి" అన్నాడు సింగారయ్య. "కొండ ఊట నుంచి వెదురు గొట్టంలో నీళ్ళు నేరుగా వచ్చి పడతాయి. తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎవరూ వచ్చి చూడక్కర్లేదు."

ఎదుటి శాల పోలయ్య అనే ముసలి గాడిదది. తాటాకు కప్పు, మట్టి నేల. "నేనే బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెడతానమ్మా" అన్నాడు పోలయ్య.

"నా బిడ్డ నీళ్ళ కోసం బకెట్టు వచ్చేదాకా కూర్చోవాలా?" అని నీలవేణి మూతి తిప్పుకుంది. నవ్వకండి పిల్లలూ, మీ అమ్మయినా అదే చేసేది.

సింగారయ్య శాలలో వదిలి వెళ్ళేటప్పుడు చిట్టెం తల్లిని ఒరుసుకుని నిలబడింది. "అమ్మా, ఆ గొట్టం గురగురమంటోంది" అంది.

"ఏం కాదు నాన్నా, నీళ్ళ చప్పుడే" అంది తల్లి. పొద్దెక్కుతోందని బయలుదేరింది.

దారి పొడుగునా దాని మనసు వెనక్కే లాగింది. మధ్యాహ్నం శాల వైపు నుంచి ఒక కాకి వస్తే పిల్ల సంగతి అడిగింది. "మెత్తగా ఇసుకలో పడుకుంది, గడ్డి కూడా తింది" అంది కాకి. సాయంత్రం ఒక గోరింక వచ్చింది. "తొట్టి నిండుగా ఉంది, నీకేం భయం?" అంది గోరింక. మర్నాడు పొద్దున్నే ఒక చిలుక వచ్చి, "తొట్టి అంచు దాకా నిండి ఉంది. నీ పిల్ల అల్లరి లేకుండా బుద్ధిగా ఉంది" అంది.

నీలవేణి కాళ్ళు ఆగిపోయాయి. చిట్టెం ఏనాడూ బుద్ధిగా ఉన్నది కాదు. నిండిన తొట్టి సంగతి అందరూ చెబుతున్నారు కానీ, పిల్ల తాగిన సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఉప్పు మూట అక్కడే పడేసి వెనక్కి పరుగు తీసింది.

వచ్చేసరికి చిట్టెం ముందుకాలితో నేల గీకుతూ, మాటిమాటికీ తన పొట్టవైపు తిరిగి చూసుకుంటోంది. చిగుళ్ళు ఎండిపోయాయి.

"నా బిడ్డ నీళ్ళెప్పుడు తాగింది?" అని అడిగింది నీలవేణి.

సింగారయ్య తెల్లబోయాడు. "తొట్టి నిండుగానే ఉంది కదమ్మా" అన్నాడు.

"చప్పుడుకి భయమేసి దగ్గరికే వెళ్ళలేదమ్మా" అని మూలిగింది చిట్టెం.

నిన్నటినుంచి ఎండుగడ్డి తిని, చుక్క నీళ్ళు తాగలేదన్నమాట. నీలవేణికి ప్రాణం పోయినంత పనైంది.

గోల విని పోలయ్య పరుగున వచ్చాడు. "నీళ్ళు లేక ఎండుగడ్డి కడుపులో బిగుసుకుంది. పొర్లనివ్వకు, మెల్లగా నడిపించు" అన్నాడు. గోరువెచ్చని నీళ్ళలో బెల్లం కలిపి బకెట్టు పట్టాడు. చిట్టెం భయపడుతూ రెండు గుక్కలు తాగింది. "లద్దె పడిందా, గండం గడిచినట్టే" అన్నాడు.

ముగ్గురూ ఆవరణ చుట్టూ నడిచారు. ఒక చుట్టు అయింది, ఏమీ లేదు. రెండో చుట్టులో చిట్టెం కాళ్ళు తడబడ్డాయి. నీలవేణి దాన్ని భుజంతో ఆనించి పట్టుకుంది. తానే చేజేతులా చేసుకున్నానని కుమిలిపోయింది. మూడో చుట్టు సగంలో చిట్టెం ఆగి, తోకెత్తి, టపటపా లద్దె వేసింది.

ఏ తల్లీ లద్దెను చూసి అంతగా ఏడ్చి ఉండదు.

పొద్దు వాలింది. పడేసిన ఉప్పు కోసం మళ్ళీ వెళ్ళాలి. ఈసారి నీలవేణి పోలయ్యను పడకల గురించి అడగలేదు, పొగ గురించీ అడగలేదు.

"తాతా, నా బిడ్డ నీళ్ళు తాగిందో లేదో ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందమ్మా" అన్నాడు పోలయ్య. "బరువు తగ్గిందో లేదో, బకెట్టు వెనక్కి మోసేది నేనే కదా."

నీతి: ఎన్ని వసతులు ఉన్నా, కనిపెట్టి చూసుకునే వాళ్ళు లేని చోటు పిల్లలకు క్షేమం కాదు.