అడవిపుంజు పిల్లలు

కొండకింది ఊళ్లో పైడమ్మ అనే ముసల్దాని పెంపుడు పెట్ట అడవిపుంజుతో కలిసి ఏడు పిల్లల్ని లేపింది. సందెవేళ అవి గంప కిందికి రావు. మెడలు నిక్కించి అడవికేసే చూస్తుంటాయి.

ఓ సాయంత్రం దొర బలభద్రరాజు గుర్రమెక్కి, నౌకర్లను వెంటేసుకుని వచ్చాడు.

"అడవి నాది. అందులో పుంజు నాది. కాబట్టి దాని పిల్లలూ నావే. పట్టండ్రా!"

అంతలో అడవిలో పుంజు గొంతు చించుకుని అరిచి, టక్కున ఆగిపోయింది. కోడిపిల్లలు ఏడూ నేలకు కరుచుకుపోయాయి. గుర్రం వెనక్కి నడిచింది. గాలి లేదు, అయినా చేనిగట్టున పొద కదిలింది.

పైడమ్మ ఇంట్లోంచి పలుపుతాడు తెచ్చి దొర చేతికిచ్చింది.

"ఇదెందుకే?"

"మా ఊరి కట్టుబాటు దొరా. ఎవరి గొడ్డు చేలో పడితే వాళ్లే వచ్చి కట్టి తోలుకుపోవాలి. అడవిలోవన్నీ తమరివేగా? ఈ నెల్లో మావాళ్లని ముగ్గుర్ని ఎత్తుకుపోయిన పులి ఆ పొదలో ఉంది. ముందు దాన్ని తోలుకెళ్లండి. కోడిపిల్లల్ని తర్వాత పడదాం."

దొర చేతిలోంచి తాడు జారిపోయింది.

"అడవి నాది కాదు" అన్నాడు. పైడమ్మతో కాదు, ఆ పొదతో.