చుక్కల సొర కక్కిన అక్షింతలు

ఎవరేం అడిగినా కొర్లయ్యదాసు గురువు వెంటనే జవాబు చెప్పే రకం కాదు. అడిగినవాడి చేతికి తెడ్డిచ్చి తెప్ప ఎక్కించేవాడు. సగం ప్రశ్నలు అలలు దాటేలోపే తేలిపోతాయని ఆయన నమ్మకం. ఎల్లాజీ తెచ్చింది మాత్రం అలా తేలేది కాదు.

తండ్రి సముద్రంలో పోయిన నాటి నుంచి ఎల్లాజీని సాకింది అన్న దానయ్యే. వల అల్లడం నేర్పిందీ, తన కంచంలో ముద్ద తీసి పెట్టిందీ ఆయనే. నిన్న వల చిరిగిన కోపంలో ఆ అన్నే నలుగురి ముందూ, "నాన్నని నీల్లల్లో వదిలీసి ఒడ్డుకొచ్చినోడివి నువ్వు" అనేశాడు. తండ్రి పోయేనాటికి ఎల్లాజీకి పన్నెండేళ్లు.

"ఆ మాట లోపలికెల్లిపోనాది గురువుగోరూ. ఎలా తీసుకోవాల? అన్న పడవ దిగి ఈయాలే ఎలిపోదారనుకుంటన్నాను" అన్నాడు ఎల్లాజీ. గురువు తెడ్డు అందించాడు.

ఇద్దరూ సముద్రం లోపలికి వెళ్లేసరికి చేపగుడ్లతో నీళ్లు గంజిలా చిక్కగా ఉన్నాయి. అక్కడ రెండు పడవల పొడవున్న చుక్కల సొర ఒకటి నిలువుగా నిలబడి, నోరు నీటిమట్టానికి తెరిచి, గుడ్లనీ నీళ్లనీ కలిపి గుటక వేస్తోంది. నీళ్లు మొప్పల గుండా బయటికి పోతున్నాయి. అంత పెద్ద చేప కనబడితే గంగమ్మ పేరు చెప్పి తెప్పలో ఉంచుకునే అక్షింతలు దాని పక్కన చల్లడం వాళ్ల ఆచారం. ఎల్లాజీ "అన్నని ఇడిసిపోడానికి సెలవియ్యి తల్లీ" అని మొక్కి, కంగారులో గుప్పెడూ తిన్నగా దాని నోట్లోనే వేశాడు.

చేప ఆగింది. కాస్త కిందికి దిగి, దగ్గినట్టు ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపింది. పసుపు బియ్యమంతా బయటికొచ్చి పడింది.

"అమ్మ నా మొక్కు కక్కీసినాది" అంటూ ఎల్లాజీ కూలబడ్డాడు. పాపం, ఏడుపొక్కటే తక్కువ.

"గొంతుకడ్డం పడింది, కక్కింది. అంతేరా. ఇంక సూడు" అన్నాడు గురువు.

సొర మళ్లీ పైకి లేచింది. బియ్యం ఇంకా మెల్లగా మునుగుతున్న ఆ నీళ్లల్లోనే మళ్లీ నోరు తెరిచింది.

"అదేటి గురువుగోరూ, ఏరే సోటికి పోకూడదా?"

ఎవరూ చెప్పకుండానే ఎల్లాజీ తెప్పను ఒడ్డుకి తిప్పాడు. ఒడ్డు దగ్గరపడేసరికి ఇసుక మీద దానయ్య ఒక్కడే చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. వల రెండో కొస తమ్ముడి కోసం ఖాళీగా పరిచి ఉంది. పక్కన సద్దన్నం కుండ మీద మూత ఇంకా తియ్యలేదు. ఎల్లాజీ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

అప్పుడన్నాడు గురువు, "దాని మేత ఆ నీల్లల్లోనే ఉంది మరి."