గుర్రానికి తెలిసిన అరబ్బీ

నల్లగుట్ట నవాబు ఖుద్రత్ ఖాన్‌కు ఒకరోజు పొద్దున్నే ఒక కోరిక పుట్టింది. తన గుర్రపుశాలలో ఇక మీదట శుద్ధమైన అరబ్బీ తప్ప వినపడకూడదు.

అరబ్బీ గురించి నాకు తెలిసింది ముందే చెప్పేస్తాను, భయపడకండి, తొందరగానే అయిపోతుంది. పాత వ్యాకరణ పుస్తకమొకటి కొని, గురువు లేకుండా, మూడో పాఠం దాకా వెళ్లి తిరిగొచ్చినవాణ్ణి. ఆ మూడు పాఠాల్లో తేలిందేమంటే, గ్రంథాల అరబ్బీలో మాట చివర ఒక తోక ఉంటుంది. గుర్రం పరిగెత్తితే హిసాను. గుర్రాన్ని తోలితే హిసాన. గుర్రం మీద కూర్చుంటే హిసాని. మాట్లాడుకునే జనం ఈ తోకల్ని ఎన్నో వందల ఏళ్ల కిందటే కత్తిరించి పారేశారు. నాలుగో పాఠం రాకముందే నేనూ అదే చేశాను.

నవాబుకు ఈ కోరిక ఎక్కించినవాడు ఆస్థాన వ్యాకర్త ఫసీహుద్దీన్. ఆయన సముద్రం చూడలేదు, అరబ్బు దేశం అసలే చూడలేదు. కానీ అరబ్బులు తప్పుగా మాట్లాడుతున్నారని మాత్రం చూడకుండానే చెప్పగలడు.

చెప్పడానికి శాలలో సరుకూ ఉంది. అక్కడ ముప్ఫై మంది అరబ్బు సాహిసులు గుర్రాల్ని చూసుకునేవాళ్లు. 'ఇప్పుడు' అనాలంటే ఈజిప్టు వాడు దిల్‌వఖ్తీ అంటాడు, బస్రా వాడు హస్సా అంటాడు, యెమన్ వాడు ధల్హీన్ అంటాడు. ముగ్గురూ ఒకే బకెట్టు కోసం ముగ్గురి మాటల్లోనూ తిట్టుకుంటారు. ఎవరికి ఏది అర్థం కావాలో అది అయిపోతూనే ఉంటుంది.

నెల రోజుల్లో వీళ్ల నాలుక బాగుపడాలి, లేదంటే అందరినీ వచ్చే ఓడ ఎక్కించాలి అని ఫర్మానా వచ్చింది.

మొదటి రోజు పాఠానికి ఫసీహుద్దీన్ ఎత్తయిన పీట ఎక్కి, తోకలన్నీ నిక్కబొడుచుకున్న అరబ్బీలో కాసేపు మాట్లాడాడు. సాహిసులు గబగబా కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, తలలు వంచుకుని కూర్చున్నారు. అలాంటి అరబ్బీ వాళ్లు వినేది శుక్రవారం ప్రసంగంలోనే. ఆయన ముగించగానే అందరూ భక్తిగా ఆమీన్ అని లేచి వెళ్లిపోయారు.

ఆయన చెప్పింది గుర్రాలకు దాణా పెట్టమని. ఆ పూట గుర్రాలు పస్తున్నాయి.

ఇక లాభం లేదని ఆయన కూడని మాటల పట్టీ ఒకటి రాశాడు. పట్టీలో మొదటి మాట 'బస్'. చాలు, ఆగు అనడానికి ముప్ఫై మందీ వాడే మాట అదొక్కటే. అది శుద్ధమైన అరబ్బీ కాదనీ, పారసీకం వాళ్ల దగ్గర ఏరుకొచ్చిన చెత్త అనీ ఆయన తీర్పు. ఈ మాటల్లో ఏ ఒక్కటి పలికినా, ఎవరైనా సరే, ఓడ ఎక్కాల్సిందే.

సాహిసుల పెద్ద అవద్‌ యెమన్ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇక్కడే పెళ్లాడాడు, ముగ్గురు పిల్లలు. ఇప్పుడు ఒక్క మాట కోసం సంసారాన్ని వదిలి ఓడెక్కాలి. దుబాసీ పేర్రాజు దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. పేర్రాజు నవాబుకూ విదేశీ వర్తకులకూ మధ్య మాట అందించేవాడు, ఆ అరబ్బీ అంతా అవద్ పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

పేర్రాజు అంతా విని, కొత్తగా వచ్చిన నల్లగుర్రానికి ఆగడం నేర్పావా అని అడిగాడు. నేర్పాను, బస్ అంటే ఆగుతుంది, ఇంక దేనికీ ఆగదు అన్నాడు అవద్.

"అయితే రేపంతా నువ్వు నోరు విప్పకు, అవద్ భాయ్."

మర్నాడు పేర్రాజు దర్బారులో ఫసీహుద్దీన్‌ను ఆకాశానికెత్తాడు. అంతటి పండితుడికి సాహిసులు తగిన శ్రోతలు కారన్నాడు. నల్లగుర్రం అరబ్బు దేశంలో పుట్టింది, ఏడు తరాల వంశం ఉంది, వ్యాకరణంలో ఎవరి పక్షమూ కాదు, దాన్నే పరీక్షకుణ్ణి చేద్దాం, శాల ముందు మైదానంలో పండితుడు దాన్నెక్కి శుద్ధమైన మాటతో నడపాలి అన్నాడు. పట్టీ కూడా మైదానం గోడకు వేలాడితే అందరూ చదువుకుంటారని, పండితుడి చేత దాని కింద సంతకం చేయించాడు.

"మేలుజాతి గుర్రానికి మేలైన భాషే అర్థమవుతుంది," అన్నాడు ఫసీహుద్దీన్, సంతకం పెడుతూ.

నలుగురు పట్టి ఆయన్ను గుర్రం ఎక్కించారు. ఆయన శుద్ధంగా "సిర్" అన్నాడు, వెళ్లమని. గుర్రం చెవి కూడా కదపలేదు. ఇంతలో ఆయన మడమ దాని డొక్కకు తగిలింది, అది బయల్దేరింది. తన క్రియాపదం ఫలించిందని ఆయన మీసం దువ్వుకున్నాడు.

మొదటి చుట్టుకు తలపాగా పోయింది. రెండో చుట్టుకు ఆయన "ఖిఫ్, అయ్యుహల్ హిసాన" అన్నాడు, ఆగవయ్యా గుర్రమా అని. అని, తోక తప్పు పడిందని గుర్తొచ్చి, అంత వేగంలోనూ దిద్దుకుని "హిసాను" అన్నాడు. గుర్రం రెంటినీ సమానంగా చూసింది.

మూడో చుట్టుకు అది కందకం వైపు తిరిగింది. ఫసీహుద్దీన్ రెండు చేతులా మెడ కరుచుకున్నాడు.

"బస్. బస్. ఓరి నాయనో, బస్."

గుర్రం నిలువునా ఆగింది. పండితుడు ఆగలేదు. దాని మెడ మీదుగా జారి గడ్డిమోపులో పడ్డాడు. ఎదురుగా గోడ మీద పట్టీ, పట్టీ మీద మొదటి మాట, కింద ఆయన సంతకం.

నవాబు ముఖం గంభీరంగా పెట్టుకుని, పండితుడి మాటకు తోకలేమయ్యాయి పేర్రాజూ అని అడిగాడు.

"హుజూర్, పుస్తకం ముందు కూర్చున్నవాడికి తోకలు పెట్టే తీరిక ఉంటుంది. గుర్రం మీద కూర్చున్నవాడికి ఉండదు. ఈ సాహిసుల తాతలంతా గుర్రాల మీదే ఉండేవాళ్లు."

నవాబు పగలబడి నవ్వాడు. ముప్ఫై మంది సాహిసులూ ముప్ఫై రకాలుగా నవ్వారు, దానికి వ్యాకరణం అడిగినవాడు లేడు. పట్టీ ప్రకారం ఓడలో ఒక్క చోటు మాత్రం ఫసీహుద్దీన్ సాహెబుకు ఖాయం చేయమన్నాడు నవాబు. పేర్రాజు చేతులు కట్టుకుని, ఓడ వద్దు హుజూర్, అక్కడి జనం ఆయనకు మరీ తప్పులుగా కనపడతారు, మన శాలలోనే ఏడాదిపాటు గుర్రాలకు దాణా పెట్టనివ్వండి అన్నాడు. సరేనన్నాడు నవాబు. ఫర్మానా రద్దు చేసి, పట్టీని తీయించి, తన భుజం మీది జరీ శాలువా పేర్రాజుకు కప్పాడు.

పేర్రాజు దాన్ని తీసుకెళ్లి నల్లగుర్రానికి కప్పాడు.

అవద్ దాని నోటికి బెల్లంముక్క అందించి, గుర్రం రెండోదానికి మూతి చాపగానే, పండితుడికి వినపడేలా మెల్లగా అన్నాడు.

"బస్."