సోమచుక్కల కోన పాపమ్మ

సోమచుక్కల కోనకు వచ్చే యాత్రికులలో సగం మంది ఈ పేరు ఆకాశాన్ని చూసి పెట్టినదనుకుంటారు. సోముడంటే చంద్రుడు, చుక్కలంటే నక్షత్రాలు, ఈ కొండల నడుమ నుంచి చూస్తే రెండూ నిండుగా కనబడతాయి కనుక ఆ పేరు వచ్చిందని రోడ్డు మలుపులోని బోర్డు మీద కూడా రాశారు. బోర్డు రాసినవారిని తప్పు పట్టబోము. వారు కొండ దాకా వచ్చి ఎవరినీ అడిగినట్టు లేదు, అంతే. అడగాలనుకునే వారి కోసం ఈ చిన్న పుస్తకం.

బస్సు దిగిన చోటి నుంచి కోన లోపలికి కాలిబాట ఉంది. రెండు వైపులా ఎర్రరాతి గుట్టలు, బలుసు పొదలు, సీతాఫలం చెట్లు. బాట చివర ఒక పెద్ద బండ, దాని నీడన అమ్మవారు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. బండ కింది తొర్రే గర్భగుడి. అందులో మూరెడు కూడా లేని నల్లరాయి ఒకటి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని పక్కకు తిరిగి పడుకున్న పసిగుడ్డు రూపంలో వెలసి ఉంది. ఈ తల్లికి పట్టుబట్టలు కట్టరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలుచీర ముక్కలో చుడతారు, ఇంట్లో పసిబిడ్డకు చుట్టినట్టే. పాపమ్మ అంటారు గాని అది పేరు కాదు, పిలవడానికి ఒక మాట. సహస్రనామాలు లేవు, అష్టోత్తరం లేదు. మరి అర్చన దేనితో చేస్తారంటే, తిప్పక్క కథ చెప్పుకోవాలి.

పూర్వం ఇక్కడ, కోన వాకిట, గొర్రెల కాపరుల పల్లె ఒకటి ఉండేది. ఆ పల్లెలో గాదిలింగప్ప అనే కాపరికి తిప్పక్క ఇల్లాలు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు గాని ఆమె నీళ్ళోసుకోలేదు. అంతకాలం ఎదురుచూసిన ఇంట్లో కడుపు పండితే ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. గాదిలింగప్ప మాటలు తక్కువ మనిషి. ఆ నెలల్లో మాత్రం సాయంత్రం మంద తోలుకొని వచ్చేటప్పుడు గొంగడి చెంగున ఏదో ఒకటి కట్టుకొని వచ్చేవాడు, ఒకరోజు వాక్కాయలు, ఒకరోజు పుల్లని చింతచిగురు. తిప్పక్క వాటిని ఉప్పులో అద్దుకొని తింటుంటే ఎదురుగా కూర్చొని చూసేవాడు. మూతి పులుపుకు వంకర తిరిగితే నవ్వేవాడు.

కడుపులో ఉన్న బిడ్డకు పేరు అనుకోకూడదని, అనుకున్నా పైకి అనకూడదని ఆ పల్లెలో కట్టడి. తిప్పక్క పైకి అనలేదు. లోపల మాత్రం అయిదో నెలలోనే అనేసుకుంది. బిడ్డ కదిలినప్పుడల్లా కడుపు మీద చెయ్యి వేసి, పెదవులు కదపకుండా ఆ పేరు పిలిచేది. ఈ సంగతి మొగుడికి చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. పురుడు నాడు ఎట్లాగూ చెప్తాం కదా అని ఆపుకొంది.

కానుపు కష్టమైంది. ఆడపిల్ల పుట్టింది. పిల్లికూనలా సన్నగా ఏడ్చింది. అయినా పాలు పట్టుకొని తాగింది, తల్లి వేలిని గుప్పిట బిగించింది, తండ్రి గడప అవతల నుంచి తొంగి చూస్తే అటే చూసినట్టు కళ్ళు తిప్పింది. అంత ఆశపెట్టి, పురుడు ఇంకా వెళ్ళకముందే, ఒకనాడు పాలు తాగడం మానేసి కన్ను మూసింది.

గాదిలింగప్ప బిడ్డను తన గొంగడిలో చుట్టుకొని కోనలోకి తీసుకుపోయాడు. బాలింత గడప దాటకూడదు గనుక తిప్పక్కను రానివ్వలేదు, ఎక్కడ మట్టిలో పెట్టారో కూడా చెప్పలేదు. ఆమె గొంతెత్తి ఏడవబోతే అత్త నరసక్క వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మేయ్ తిప్పక్కా, పేరు పెట్టని బిడ్డ కోసరం ఏడవగూడదు. ఏడిస్తే మళ్ళ పుట్టేవాళ్ళకు కీడు. ఆ మాటే తలుచుకోవద్దు."

నరసక్క గయ్యాళి కాదు. కోడలిని కన్నబిడ్డలా సాకింది. నడుముకు గుడ్డ బిగించి కట్టింది, కాయం మందు నూరి మింగించింది, సాంబ్రాణి పొగ వేసింది, చెవుల్లో దూది పెట్టింది, వెల్లుల్లి కారంతో పథ్యం వండి ముద్దలు కలిపి పెట్టింది. బాలింతకు చేయవలసినవన్నీ చేసింది. బిడ్డ ఒక్కటే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు గాని తిప్పక్క ఒంటికి తెలియదు. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే, ఇంకిపోతాయని మల్లెపూలు పెట్టి కట్టారు. ఆ వాసనంటే తిప్పక్కకు ఆ తరువాత బతికినంత కాలం గిట్టలేదట.

ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు. గాదిలింగప్ప అసలే ఎత్తలేదు. పెట్టింది తిని, కర్ర భుజాన వేసుకొని, గొర్రెల వెంట పోయేవాడు. అతడి వీపు చూస్తూ తిప్పక్క, ఈ మనిషికి బిడ్డ పుట్టినట్టు కూడా గుర్తు లేదు అనుకునేది. ఆమెకు కావలసింది పెద్ద కోరికేమీ కాదు. లోపల దాచుకున్న ఆ పేరును ఒక్కసారి నోరారా పిలవాలి. పిలిస్తే పుట్టబోయే బిడ్డకు కీడంటున్నారు. పుట్టబోయే బిడ్డ కోసం పుట్టిన బిడ్డను లేదనుకోవాలా? ఎటూ తేలక నెలలు గడిచాయి. ఆ పేరు గొంతులో ముల్లులా నిలిచిపోయింది.

బయటికి తిరగనిచ్చిన తరువాత ఒక మధ్యాహ్నం, కట్టెలకని చెప్పి తిప్పక్క కోనలోకి వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న పెద్దబండకు ఇవతల నిలబడి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకొని, కళ్ళు మూసుకొని పిలిచింది.

"సోమీ!"

అది ఆమె తల్లి సోమక్క పేరు. కొండ పలికింది. పలికింది గాని, "చుక్కీ!" అని పలికింది.

కొండ అన్న మాట అన్నట్టు చెప్పాలి గాని మార్చి చెప్పదు కదా. తిప్పక్క భయపడుతూనే మళ్ళీ "సోమీ!" అంది. బండ అవతల నుంచి మళ్ళీ "చుక్కీ!" అని వినిపించింది, ఈసారి గొంతు జీరపోయి. ఆ గొంతు ఆమెకు తెలుసు. కట్టెలు పడేసి బండ చుట్టి అవతలికి పోయి చూస్తే, గాదిలింగప్ప మోకాళ్ళ మీద కూర్చొని ఉన్నాడు. అతడి ముందు గొంగడి కప్పిన రాయి ఒకటి ఉంది. గొర్రెలు ఎక్కడివక్కడ మేస్తున్నాయి.

"ఎవురిని పిలుస్తా ఉండావు?" అంది తిప్పక్క.

"మన పాపను."

"పాపకు పేరు పెట్టలేదు గదా?"

"నేను పెట్టుకున్నా. అది కడుపులో ఉన్నప్పుడే. చుక్కమ్మ అని." అతడు తల ఎత్తలేదు. "నీతో అంటే పుండు మళ్ళ రేగుతాదని అనలేదు."

అప్పుడు చెప్పాడు. బిడ్డను పెట్టింది ఇక్కడే. కొన్నాళ్ళ కిందట మంద మేపుతూ ఇదే బండ నీడన కునుకు తీస్తే, పాప కలలో కనబడి, "నాయినా, నన్ను ఏమని పిలుస్తావు?" అని అడిగిందట. మెలకువ వచ్చి చూస్తే, తాను చదును చేసి వెళ్ళిన నేల చీల్చుకొని ఈ రాయి పైకి వచ్చి ఉంది, ముడుచుకొని పడుకొని. చలి వేస్తుందేమోనని గొంగడి కప్పాడు. ఆనాటి నుంచి రోజూ వచ్చి పిలుస్తున్నాడు.

తిప్పక్క గొంగడి తొలగించి చూసింది. వెన్ను మీద చెయ్యి వేసి నిమిరింది. ఇన్నాళ్ళూ ఇతడికి గుర్తు లేదనుకున్నానే అని ఆమెకు గుండె తరుక్కుపోయింది. కాని పైకి వచ్చిన మాట వేరు.

"చుక్కమ్మంట, చుక్కమ్మ! నుదుట బొట్టుండే గొర్రెపిల్లకు పెట్టే పేరు. నా బిడ్డ పేరు సోమక్క. మా యమ్మ పేరు."

"మీ యమ్మ పేరెందుకు? నల్లగా కండ్లు మిలమిలా అంటాంటే చుక్క గాక ఇంకేమి?"

"కండ్లు కూడా మా యమ్మవే!"

ఇద్దరూ తగువు పడ్డారు. పురుటింట్లో ప్రతి తల్లీ తండ్రీ పడే తగువే. ఆలస్యంగా పడ్డారు, అంతే తేడా. గొర్రెలు చెదిరిపోయినా చూసుకోలేదు. మాటకు మాట పెంచుతూ పెంచుతూ ఇద్దరికీ ఒక్కసారే ఏడుపు వచ్చింది. నరసక్క చెయ్యి అడ్డం పెట్టిన నాటి నుంచి నిలిచిపోయిన ఏడుపంతా అప్పుడు ఏడ్చారు. ఆ తరువాత తిప్పక్క, "చుక్కీ!" అని పిలిచింది. గాదిలింగప్ప, "సోమీ!" అని పిలిచాడు. ఆమె రాయిని ఒడిలోకి తీసుకోబోతే ఎన్నడో ఇంకిపోయిన పాలు జారి రాతి మీద పడ్డాయి. పాపమ్మ చెంప పక్కన ఇప్పటికీ కనిపించే తెల్లని చార అదేనని పెద్దలు చెబుతారు.

కాపరి లేకుండా గొర్రెలు ఇల్లు చేరేసరికి నరసక్క వెతుక్కుంటూ వచ్చింది. రాయినీ, రాతి ముందు పేర్లు పెట్టి పిలుస్తున్న కొడుకునూ కోడలినీ చూసింది. అత్త ఏమంటుందో, మళ్ళీ కీడు మాట ఎత్తుతుందేమోనని తిప్పక్క రాయికి అడ్డంగా నిలబడింది. నరసక్క చేతి కర్ర కింద పెట్టింది. కోడలిని మెల్లగా పక్కకు జరిపి, రాతి ముందు వంగి, గొంగడి మళ్ళీ కప్పింది. తరువాత, "మారెన్నా!" అని పిలిచింది. "నా నాయినా, మారెన్నా!"

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ విననిది. తనకు ఒక అన్న పుట్టి పోయాడని గాదిలింగప్పకు ఆనాటి దాకా తెలియదు.

సోమక్క, చుక్కమ్మ అనే ఆ రెండు పేర్లూ కలిసి ఇది సోమచుక్కల కోన అయింది. ఒకే బిడ్డ పేర్లవి, చంద్రుడికీ నక్షత్రాలకూ సంబంధం లేదు. తిప్పక్కకు తరువాత పిల్లలు కలిగారని కొందరు, లేదని కొందరు అంటారు. పాపమ్మ సంతానం ఇస్తుందని ఈ పుస్తకంలో రాయమని అడిగినవారున్నారు. రాయలేదు. ఇవ్వవచ్చు, కాని ఆమె ఇక్కడ వెలసింది అందుకు కాదు.

ఆ కాపరుల వంశాలవారే వంతులవారీగా పూజారులు. కడుపులోనో, పురిట్లోనో, ఆ తరువాతో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇక్కడికి వస్తారు. నిన్న మొన్న పోగొట్టుకున్నవారూ వస్తారు, మనవళ్ళను ఎత్తిన తరువాత ఒంటరిగా వచ్చే ముసలమ్మలూ ఉంటారు. పూజారి గోత్రం అడగడు. "బిడ్డ పేరేమమ్మా?" అని అడుగుతాడు. పేరు చెబితే ఆ పేరుతోనే పాపమ్మకు అర్చన చేస్తాడు, ఆ కాసేపూ అమ్మవారి పేరు అదే. భార్యాభర్తలు చెరో పేరు చెబితే ఇద్దరినీ బండ నీడన కూర్చోబెట్టి, తగువు తీరేదాకా ఆగుతాడు. తీరకపోయినా ఫరవాలేదు, రెండు పేర్లతోనూ చేస్తాడు. పేరు అనుకోనివారికి ఇక్కడికి వచ్చాక తోస్తుంది. అర్చన అయ్యాక ఒకరు అనుకున్న పేరును మరొకరు గొంతెత్తి పిలవాలి, కొండ తిరిగి పిలుస్తుంది. ఇట్లా పిలిచి వెళ్ళినవారికి నిద్ర పడుతుందని, అన్నం సయిస్తుందని, ఆలుమగలు మళ్ళీ మాట్లాడుకుంటారని నమ్మకం.

చివరగా ప్రసాదం. బెల్లం కలిపిన పాలు చిన్న ముంతలో ఇస్తారు. అందుకోవడానికి పూజారి ఎవరినీ వారి సొంత పేరుతో పిలవడు, వారు చెప్పిన బిడ్డ పేరుతోనే పిలుస్తాడు. "సాత్విక వాళ్ళమ్మా, రామ్మా. సాత్విక వాళ్ళ నాయినా, నువ్వూ రాప్పా" అంటాడు. చాలామంది తల్లులు మొదటి పిలుపుకు తిరిగి చూడరు. ఇంకెవరినో అనుకుంటారు. పూజారి విసుక్కోడు. ముంత పట్టుకొని అట్లాగే నిలబడి, మళ్ళీ పిలుస్తాడు.